మూసీ గట్టున పాఠం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. పీరియడ్ అంటే నలభై ఐదు నిమిషాలని ముప్ఫై ఏళ్ళుగా అలవాటైపోయిన మనిషిని. గంట కొట్టేవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి గుర్తు చేయండి.

మన బడి వెనక గోడ దాటి రెండు గల్లీలు నడిస్తే మూసీ వస్తుంది. అందరికీ తెలిసిన సంగతే. కానీ ఈ బడిలో చదివిన పదేళ్ళలో ఒక్కసారైనా ఏ పాఠంలో భాగంగానైనా మూసీ దగ్గరికి వెళ్ళామా? నాకైతే గుర్తు లేదు. నైలు నది గురించి చదివాం. సింధు నాగరికత గురించి చదివాం. పటంలో గోదావరికి నీలిరంగు పెన్సిల్ పెట్టి, అది పుట్టిన చోటునుంచి సముద్రం దాకా గీశాం. ఇంటికి పోతూ మూసీ బ్రిడ్జి మీద మాత్రం ముక్కు మూసుకుని పరుగెత్తాం. గురువులను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. టీచర్ అయ్యాక మొదటి పదిహేనేళ్ళు నేను కూడా అదే చేశాను.

ఒకసారి ఎనిమిదో తరగతికి నదుల గురించి చెబుతున్నాను. 'మన ఊరి నది ఏది?' అని అడిగాను. తరగతి అంతా నిశ్శబ్దం. చివరికి వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, 'మన ఊర్ల నది లేదు టీచర్' అంది. 'మూసీ?' అన్నాను. తరగతంతా గొల్లుమంది. 'గది నాలా గదా టీచర్, నది అంటరేంది?'

ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేమీ లేదు. తను పుట్టినప్పటినుంచి చూసింది అదే. ఆ తర్వాతి ఆదివారం పద్నాలుగు మంది పిల్లలను వెంటబెట్టుకుని పురానాపూల్‌కు వెళ్ళాను. పదేళ్ళకు పైగా నడుస్తున్న మా మూసీ నడకలు అక్కడ మొదలయ్యాయి. వాటి గురించి చెప్పమనే నన్ను ఇక్కడికి పిలిచారు.

పురానాపూల్ ఎందుకంటే, పిల్లలకు లెక్కలు ఇష్టం. 'కమానులు లెక్కపెట్టండి' అంటే చాలు, వాసన మరిచిపోతారు. ఆ వంతెనకు 22 కమానులు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో కట్టించాడు. హైదరాబాదు నగరానికి పునాది పడింది 1591లో. అంటే ఊరికంటే వంతెన పదమూడేళ్ళు పెద్దది! ఊరు లేకముందే వంతెన ఎందుకు కట్టారని పిల్లలనే అడుగుతాను. గోల్కొండ, కార్వాన్, వ్యాపారం, దక్షిణానికి పోయే దారి ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. భాగమతి కోసం కులీ కుతుబ్‌షా వరదలో గుర్రం దూకిస్తే, తండ్రి భయపడి వంతెన కట్టించాడన్న కథను ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వంతెన పూర్తయ్యేసరికి ఆ రాకుమారుడి వయసు ఎంతో లెక్క వేయమంటాను. పన్నెండు పదమూడేళ్ళు వస్తుంది. 'మన క్లాసోడే!' అని ఒకటే నవ్వులు. కథ పోతే పోయింది, లెక్క వచ్చింది. కాలేజీ రోజుల్లో ఆ కథ నేనూ నమ్మాను లెండి.

ఇప్పుడు ఆ వంతెన మీద బళ్ళు నడవవు. కూరగాయలు అమ్ముతారు. నాలుగు వందల ఏళ్ళ రాళ్ళ మీద టమాటాల కుప్పలు. వారసత్వ కట్టడం అంటే చుట్టూ కంచె వేసి, టికెట్టు పెట్టి, పూలమొక్కలు నాటేదని పిల్లల మనసులో ఉంటుంది. కొత్తిమీర కట్టలు అమ్మే అవ్వ పక్కన నిలబడి 1578 గురించి మాట్లాడుకోవడమే నాకు ఎక్కువ ఇష్టం.

అక్కడినుంచి నది వెంట కిందికి వస్తే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది. మీలో చాలామందికి తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఊళ్ళోని అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. పురానాపూల్ మాత్రం నిలబడింది. పోయిన ప్రాణాలు దాదాపు 15 వేలని అంచనా. కవి అంజద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. ఆ రాత్రి ఈ చింతచెట్టు కొమ్మలు పట్టుకుని దాదాపు 150 మంది బతికారు. ఏటా ఆ తేదీన అక్కడ కొందరు గుమిగూడి, పోయినవాళ్ళను తలుచుకుంటారు.

ఈ కథను పిల్లలకు చెప్పి ఊరుకుంటే కన్నీళ్ళతో ముగుస్తుంది. నేను బయాలజీ టీచర్ని, కారణం వెతకాలి. ఆనాడు మూసీ పరీవాహకంలో వందల చెరువులున్నాయి, దాదాపు చదరపు మైలుకొకటి. కుంభవృష్టికి పైన ఒక చెరువు తెగితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడతాయి. అదీ తెగుతుంది. అలా రెండు వందలకు పైగా తెగాయి. మేము పెరట్లో మట్టితో ఏడు చిన్న గుంటలు కట్టి, పైనుంచి బకెట్టుతో నీళ్ళు పోసి చూపిస్తాం. మొదటిది తెగిన తర్వాత ఏడోది తెగడానికి ఎంతసేపు పడుతుందో పిల్లలు వాచీలో చూసి రాసుకుంటారు. బట్టలన్నీ బురద. ఇంటికెళ్ళాక వాళ్ళమ్మలు నన్ను ఏమని తిట్టుకున్నారో నాకు తెలుసు.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరద ఆపడానికి, తాగునీటికి రెండింటికీ అవే. మా తాతల కాలంలో 'గండిపేట నీళ్ళు తాగినోడు ఊరు విడిచి పోడు' అనేవాళ్ళు.

ఇక్కడే పిల్లలకు అన్నింటికంటే కష్టమైన ప్రశ్న వేస్తాను. గండిపేటలో నీళ్ళు ఆపేశాం, హిమాయత్‌సాగర్‌లోనూ ఆపేశాం. వేసవిలో గేట్లు ఎత్తరు. మరి ఏప్రిల్ నెలలో చాదర్‌ఘాట్ దగ్గర పారుతున్న నీళ్ళు ఎక్కడివి?

అనంతగిరి కొండల నుంచి అంటారు మొదట. కాదు. వాన నీళ్ళా? ఏప్రిల్‌లో వానెక్కడిది? కాసేపటికి ఎవరో ఒకరికి వెలుగుతుంది. 'మనం వాడి పారబోసినయి టీచర్!' అవును. మరి మన కుళాయిల్లోకి వచ్చేవి ఎక్కడివి? కృష్ణ నుంచి, గోదావరి నుంచి, మంజీర నుంచి పైపుల్లో వచ్చినవి. మనం పళ్ళు తోముకుని, స్నానం చేసి, బట్టలుతికి, ఫ్లష్ చేసి వదిలితే మూసీలో పడతాయి. ఆ మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నాగార్జునసాగర్ వైపునుంచి ఎత్తిపోసి తెచ్చుకున్న కృష్ణ నీటిని, మన ఇళ్ళన్నీ తిప్పి, మళ్ళీ సాగర్‌కు దిగువన కృష్ణలోనే కలుపుతున్నాం. ఈ చక్రాన్ని బోర్డు మీద గీసిన రోజు తరగతిలో చప్పుడు లేదు. పటంలో నదిని చూడటం వేరు, తన బాత్రూంలోంచి నది పోతోందని తెలుసుకోవడం వేరు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. రెండో ఏడో మూడో ఏడో జరిగింది. చాదర్‌ఘాట్ వంతెన మీద పిల్లలను నిలబెట్టి, 'మూసీని పాడు చేస్తున్నది ఎవరు?' అని అడిగాను. చాలా మంచి ప్రశ్న వేశానని నాకో తృప్తి కూడా. పిల్లలు కిందికి చూశారు. గట్టున రేకుల ఇళ్ళు, నీళ్ళ పక్కన చెత్తకుప్ప కనిపించాయి. 'గా ఇండ్లల్ల ఉన్నోళ్ళు టీచర్' అని నలుగురైదుగురు ఒకేసారి వేలు చూపించారు. నేను 'ఇంకా?' అని అడిగి ముందుకు సాగిపోయాను.

మా వరసలో చివర నిలబడ్డ తొమ్మిదో తరగతి పిల్లవాడి ఇల్లు ఆ రేకుల ఇళ్ళల్లోదే. నాకు తెలియదు. మరుసటి వారం వాడు నడకకు రాలేదు. ఆ పై వారం బడికే రాలేదు. వాకబు చేసి ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ కుర్చీ వేసింది, చాయ్ పెట్టింది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది. 'మా ఇంట్లకెల్లి దినాం నాలుగు బకెట్ల నీళ్ళు పోతయి టీచరమ్మా. మీ అపార్ట్‌మెంట్లకెల్లి ఎన్ని పోతయి?'

నా దగ్గర జవాబు లేదు. మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంటు. వేలు చూపించిన పిల్లల్లో ఎక్కువమందివీ అలాంటి ఇళ్ళే. మా మురుగు భూమి లోపల పైపులో పోతుంది కాబట్టి వేలు పెట్టి చూపించడానికి కనబడదు, అంతే తేడా.

ఆ రోజునుంచి నడక వంతెన దగ్గర మొదలు కాదు, బడి మరుగుదొడ్డి దగ్గర మొదలవుతుంది. అక్కడినుంచి మూతల మీద మూతలు వెతుక్కుంటూ, మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ గుర్తు పెట్టుకుంటూ, కాగితం మీద గీసుకుంటూ నది దాకా నడుస్తాం. ఒకచోట గీత తప్పిపోతుంది, ఒకచోట వాననీటి కాలువలో మురుగు కలిసిపోయి కనబడుతుంది. మున్సిపల్ మేస్త్రీ ఒకాయన మాతో పాటు నడిచి చెప్పినంత వివరంగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మేము పిల్లలకు చప్పట్లు నేర్పించింది ఆయన కోసమే. ఇప్పుడు 'ఎవరు?' అనే ప్రశ్న నేను అడగను. 'ఎక్కణ్ణుంచి?' అని అడుగుతాను.

ఆ పిల్లవాడు తిరిగి వచ్చాడు. తర్వాత మా నడకల్లో గట్టు గురించి చెప్పేది వాడే అయ్యాడు. 2020 అక్టోబరులో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో ఇంటి గోడ మీద మరక చూపించాడు. మిగతా పిల్లలు టేపుతో కొలిచారు. వరద మట్టం అనే మాటకు అంతకంటే మంచి పాఠ్యపుస్తకం ఉందా?

పరీక్షల గురించి కొంచెం చెబుతాను, సైన్సు మాస్టార్లు ఉన్నారు కాబట్టి. పిల్లలను నీళ్ళలోకి దింపం. వంతెన మీదినుంచి తాడు కట్టిన బకెట్టుతోనే తోడతాం. చేతికి గ్లౌజులు, తర్వాత సబ్బు, ఇందులో బేరం లేదు. మూడు సీసాలు. గండిపేట నీళ్ళు ఒకటి, పురానాపూల్‌వి ఒకటి, నాగోలువి ఒకటి. ప్రతి సీసాలో మెథిలిన్ బ్లూ చుక్కలు వేసి, మెడదాకా నింపి, మూత బిగించి చీకట్లో పెడతాం. నీళ్ళలోని బాక్టీరియా మురికిని తింటూ ఆక్సిజన్‌ను వాడేసుకుంటే నీలం రంగు పోతుంది. ఎంత తొందరగా తెల్లబడితే అంత పాడైన నీళ్ళన్నమాట. మర్నాడు పొద్దున బీరువా తెరిచేటప్పుడు పిల్లలు ఒకరినొకరు తోసుకుంటారు. నాగోలు సీసా తెల్లబడి ఉంటుంది, గండిపేట సీసా నీలంగానే ఉంటుంది. వంద రూపాయల ఖర్చు కూడా లేదు, మందు మన ల్యాబు అలమరలోనే ఉంటుంది.

పురుగులు మరీ మంచి గురువులు. అడుగు బురదను తెల్ల పళ్ళెంలో వేస్తే దారప్పోగుల్లాంటి ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతుంటాయి. అవి కుట్టని ఒక రకం ఈగజాతి పిల్లలు. మన రక్తంలో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే అంత తక్కువ ఆక్సిజన్‌లోనూ బతుకుతాయి. 'ఛీ' అన్న పిల్లలే ఆ మాట వినగానే ముందుకు వంగుతారు. అదే వానాకాలంలో అనంతగిరికి తీసుకెళ్ళి అక్కడి వాగులో రాయి తిప్పితే తూనీగ పిల్లలు కనబడతాయి. రెండూ ఒకే నది. ఒక చివర రాయి కింద, ఒక చివర బురదలో ఎవరు కాపురముంటున్నారో చూస్తే మధ్యలో ఏం జరిగిందో అర్థమవుతుంది. దాన్ని నేను చెప్పక్కర్లేదు.

అనంతగిరి ప్రయాణం ఏడాదికి ఒక్కసారే కుదురుతుంది. వికారాబాదు దాటాక అడవిలోకి దిగి, 'ఇదే మూసీ' అంటే నమ్మరు. పోయిన ఏడు ఒక చిన్నపిల్ల దోసిట్లో నీళ్ళు పట్టుకుని వాసన చూసింది. వాసన రాలేదు. మళ్ళీ చూసింది. నావైపు తిరిగి, 'టీచర్, దీనికి మా దగ్గర ఎట్లుంటదో తెలుసా?' అంది. నదిని అడుగుతోందో, నన్ను అడుగుతోందో నాకు అర్థం కాలేదు.

నగరం దాటాక కింద ఉప్పల్, పీర్జాదిగూడ వైపు మురుగునీళ్ళతోనే పారా గడ్డి పెంచుతారు. ఆ గడ్డి గేదెలకు పోతుంది, గేదెల పాలు మన ఇళ్ళకు వస్తాయి. కత్వాల మీద తెల్లటి నురుగు తేలుతుంటుంది. ఆ పొలాల్లోనే కొంగలు, ఎర్రకాళ్ళ పొడుగు పిట్టలు వందలుగా ఉంటాయి. యూరియా తక్కువ వేసినా సరిపోతుందని ఒక రైతు అన్నాడు, మడిలో దిగితే కాళ్ళు దురద పెడతాయని ఆయన భార్య అంది. ఇది మంచా, చెడా అని పిల్లలు అడుగుతారు. ఇద్దరు చెప్పిందీ రాసుకోమంటాను.

వారసత్వం అంటే రాళ్ళే కాదని నాకు నేర్పింది ఒక చాకలి అవ్వ. తన చిన్నప్పుడు ఎండాకాలం మూసీ ఇసుకలో చెలిమె తీసి ఆ నీళ్ళు తాగేవాళ్ళమని చెప్పింది. చెలిమె అంటే ఏమిటో నా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. అవ్వ మోచేతిదాకా చెయ్యి ముంచుతున్నట్టు అభినయించి చూపించింది. నది పాడైతే చేపలు పోతాయని పాఠంలో ఉంది, మాటలు కూడా పోతాయని లేదు. ఆ తర్వాత పిల్లలకు ఒక నోటుబుక్కు ఇచ్చాం. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, నది మాటలు రాసుకురమ్మని. చెలిమె, కత్వ, రేవు, అలుగు, తూము. ఉర్దూ ఇళ్ళనుంచి ఇమ్లీబన్ వచ్చింది. మనం రోజూ బస్సెక్కే చోటు పేరుకు చింతల తోపు అని అర్థమని చాలామంది పెద్దలకే తెలియదు.

ఇక మళ్ళీ ఆ పిల్లవాడి దగ్గరికి వస్తాను. 2024లో నదీగర్భంలో ఉన్న ఇళ్ళకు గుర్తులు వేశారని మీరు పేపర్లలో చదివారు. వాళ్ళ ఇంటికీ గుర్తు పడింది. అప్పటికి వాడు బడి దాటిపోయాడు, వాడి చెల్లెలు నా తరగతిలో ఉంది. ఊరికి ఆ చివర రెండు గదుల ఇల్లు వచ్చింది. పక్కా ఇల్లే. కానీ ఆ పిల్ల పొద్దున రెండు బస్సులు మారి మూడు నెలలు వచ్చింది, ఆ తర్వాత టీసీ తీసుకుంది.

టీసీ ఇచ్చే రోజు నన్ను అడిగింది. 'నదికి జాగ కావాలని మీరే చెప్పిండ్రు గదా టీచర్. మేం పోతే నది మంచిగైతదా?' 1908 సంగతి చెప్పిందీ నేనే, వరద మైదానం బొమ్మ గీయించిందీ నేనే, నాలుగు బకెట్ల లెక్క నేర్చుకుందీ వాళ్ళమ్మ దగ్గరే. నదికి జాగా కావాలన్నది నిజం. వీళ్ళు వెళ్ళినంత మాత్రాన మన పైపుల్లోంచి వచ్చేది ఒక్క చుక్క కూడా తగ్గదన్నదీ నిజం. రెండూ చెప్పాను. ఆ పిల్లకు రెండూ ముందే తెలుసు. నాకు తోచింది ఇంకోటి ఏమీ లేక, దాని నది మాటల నోటుబుక్కు దానికే ఇచ్చి పంపాను.

'ఈ నడకల వల్ల మూసీ బాగుపడిందా?' అని మన మిత్రులు కొందరు అడుగుతుంటారు. లేదు. పిల్లలు నదిని శుభ్రం చేయలేరు, చేయించకూడదు కూడా. ఫొటో కోసం పిల్లల చేతికి చీపురిచ్చి గట్టున నిలబెట్టే కార్యక్రమాలకు రమ్మని పిలుపులు వస్తుంటాయి, నేను వెళ్ళను. రసాయనాలు, ఆసుపత్రి వ్యర్థాలు కలిసిన నీళ్ళ దగ్గర పదమూడేళ్ళ పిల్లను వంగబెట్టి చెత్త తీయించే హక్కు నాకు లేదు. శుద్ధి కేంద్రాలు కట్టాల్సినవాళ్ళు కట్టాలి, పైపులు కలపాల్సినవాళ్ళు కలపాలి. ఆ పని ఎవరిదో తెలిసిన పౌరులను తయారు చేయడం వరకు నా పని.

గంట కొట్టినట్టున్నారు. రెండు కోరికలు చెప్పి దిగిపోతాను.

అనంతగిరికి ఏటా ఒక బస్సే దొరుకుతోంది, పిల్లలేమో మూడు బస్సులకు సరిపడా ఉన్నారు. సంఘం వాళ్ళు డబ్బు ఇవ్వకపోయినా ఫరవాలేదు. మీ ఆఫీసు బస్సు ఒక ఆదివారం ఖాళీగా ఉంటే చెప్పండి. జులై చివరనుంచి సెప్టెంబరు మధ్యలో అయితే వాగులో నీళ్ళుంటాయి.

రెండోది, మొదటి రెండు మూడు బ్యాచ్‌ల వాళ్ళలో మూసీలో ఈత కొట్టినవాళ్ళు, ఇసుకలో ఆడుకున్నవాళ్ళు, నాన్నగారితో రేవుకు వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే సెప్టెంబరు 28 పొద్దున ఏడింటికి ఆ చింతచెట్టు కిందికి రండి. పిల్లలు నోటుబుక్కులతో వస్తారు. మీరు మాట్లాడండి, వాళ్ళు రాసుకుంటారు. తిఫిన్ నేను తెస్తాను, ఇడ్లీలే.